బీడీల పని తగ్గిపోతోంది, నలభై దాటిన ఆడవాళ్లకు ఇంకో పని ఏది? (నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల వాళ్లు చెప్పండి)

పసుపుకొమ్ము (ఆర్మూరు)

అందరికీ నమస్తే. మాది ఆర్మూరు దగ్గర ఒక ఊరు. మా అమ్మకు 46 ఏండ్లు. పెండ్లికి ముందు నుంచే బీడీలు చేస్తుంది. ఇప్పుడు నెలకు పన్నెండు పదమూడు రోజులకే ఆకు, తంబాకు ఇస్తున్నరు. వెయ్యికి రెండు వందల యాభై లోపే కూలి. అండ్ల కూడా బాగలేవని కొన్ని బీడీలు పక్కన పడేస్తరు. పొద్దంతా చాట ముందు కూర్చున్నా ఏడెనిమిది వందల కంటే ఎక్కువ చేయలేకపోతున్నది, మెడ పట్టేస్తున్నది. నెల లెక్క చూస్తే రెండు వేల చిల్లర వస్తున్నయి.

హైదరాబాద్‌లో ఉన్న మా చుట్టాలందరిదీ ఒకటే మాట: "ఇంకా ఆ బీడీలేంది, ఇంకో పని చూసుకోమను." చూసుకొమ్మంటే ఎక్కడ చూసుకోవాలె? నాన్న సౌదీలో ఉన్నడు. ఇంట్లో నానమ్మ మంచం మీద ఉంది. అమ్మ చదివింది నాలుగో తరగతి. గడప దాటకుండా పని తెచ్చి ఇచ్చింది ఇన్నేండ్లలో బీడీల కంపెనీ ఒక్కటే.

ఇంకో సంగతి. మా చెల్లె డిగ్రీ రెండో సంవత్సరం. నానమ్మ దానికి కూడా బీడీలు నేర్పమంటున్నది. బీడీలు వస్తే, పీఎఫ్ ఉంటే సంబంధం తొందరగా కుదురుతదని ఆమె లెక్క. మా ఊర్లో పెండ్లి మాటల దగ్గర ఇప్పటికీ అది అడిగేటోళ్లు ఉన్నరు.

బీడీ మంచిదా చెడ్డదా అని కాదు నా ప్రశ్న. మా అమ్మలాంటి వాళ్లకు నిజంగా దొరికే పని ఏదన్నా ఉన్నదా? చేసి చూసినోళ్లు చెప్పండి.

లేబర్‌లెక్క (నిజామాబాద్)

చెల్లె, ముందుగాల ఒక పోలిక చూడు. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ రోజు కూలి 307 రూపాయలు. మీ అమ్మ రోజంతా కూర్చుని ఏడెనిమిది వందల బీడీలు చేస్తే వచ్చేది 180 చుట్టుపక్కల. నైపుణ్యం కావాల్సిన పనికి మట్టి పని కంటే తక్కువ కూలి. ఎందుకంటే ఇది ఇంట్లో కూర్చుని ఆడవాళ్లు చేసే పని. అదే కంపెనీలో గోదాముల లెక్క రాసేటోళ్లు, ప్యాకింగ్ చేసేటోళ్లు ఎక్కువగా మగవాళ్లు, వాళ్లకు నెల జీతం. చుట్టేటోళ్లకు వెయ్యి లెక్కన కూలి. ఆకు రాని రోజు ఆ నష్టం మొత్తం ఆమె మీదనే పడుతది.

ఇంట్లో చేస్తే "కార్మికురాలు" కాదనే మాట తప్పు. 1966 బీడీ, సిగార్ కార్మికుల చట్టమే ఇంటి దగ్గర చుట్టే మనిషిని కూడా కార్మికురాలిగా లెక్కపెట్టింది. బీడీ పరిశ్రమకు పీఎఫ్ 1977లో వచ్చింది. ఇండ్లల్ల చుట్టేటోళ్లకు వర్తించదని యజమానులు కోర్టుకు పోతే, వర్తిస్తదని 1985లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ పీఎఫ్ కోసమే మన జిల్లాలో తరాల కొద్దీ ఆడవాళ్లు ఈ పనిని వదలలేదు.

అమ్మకు పాస్‌బుక్ ఉందా? పీఎఫ్ నంబరు ఎప్పటిది? ఆధార్‌లో ఉన్న పేరు, పుట్టిన తేదీ పీఎఫ్‌తో కలుస్తున్నయా? ఇవి చెప్పు. ఇంకో పని సంగతి తర్వాత, చేసిన పని డబ్బులు ముందు భద్రం కావాలె.

గోదారిగట్టు (రాజమండ్రి)

అమ్మాయ్, మీ ప్రాంతం వాడిని కాదు, అయినా మనసులో ఉన్నది అడుగుతున్నాను, ఏమీ అనుకోవద్దు. మా నాన్నగారు బీడీలు తాగే పోయారు. చివరి రెండేళ్లు ఊపిరి అందక ఆయన పడ్డ అవస్థ ఇంటిల్లిపాదీ చూశాం. అందుకే బీడీ పరిశ్రమను కాపాడాలి అనే మాట వింటే నాకు లోపల్నుంచి ఒప్పుదల రాదు. చుట్టేవాళ్లకు అన్యాయం జరగకూడదు, నిజమే. కానీ ఎన్నాళ్లు? ఒక తేదీ పెట్టుకుని, ఈలోపు అందరికీ వేరే శిక్షణ ఇచ్చి మూసెయ్యడం సాధ్యం కాదా?

దవాఖాన (కామారెడ్డి)

అన్నా, మీ బాధ అర్థమైంది. నేను ప్రభుత్వ ఆసుపత్రిలో పని చేస్తాను. తాగేవాళ్ల సంగతి మీకు తెలుసు. చుట్టేవాళ్లది కూడా చెప్పాలి. పొగాకు తడిగా ఉన్నప్పుడు నికోటిన్ చర్మంలోంచే ఒంట్లోకి పోతుంది. వాంతులు, తలతిప్పు అని వచ్చే ఆడవాళ్లు దాన్ని ఎండదెబ్బ అనుకుంటారు. పొడి తంబాకు దుమ్ముకు దగ్గు, ఆయాసం. గంటల కొద్దీ వంగి కూర్చోవడంతో నడుము, మెడ, మోకాళ్లు. చాటలో తంబాకు, పక్కనే పసిపిల్ల పడుకుని ఉండటం ఈ జిల్లాలో ఏ ఇంట్లోనైనా కనిపిస్తుంది.

కాబట్టి ఈ పని పోవాలని నేనూ కోరుకుంటాను. కానీ మన దేశం 2004లో ఆమోదించిన పొగాకు నియంత్రణ ఒప్పందంలో 17వ అధికరణం అని ఒకటి ఉంది. పొగాకు మీద బతికే కార్మికులకు, రైతులకు, చిన్న అమ్మకందారులకు గిట్టుబాటయ్యే వేరే బతుకుదెరువు చూపడానికి ప్రభుత్వాలు తోడ్పడాలని అందులో ఉంది. పన్నులు పెరిగాయి, ప్యాకెట్ మీద హెచ్చరిక బొమ్మ పెద్దదయింది. ఈ అధికరణం దగ్గరికి వచ్చేసరికి అక్కడక్కడా నాలుగు శిక్షణ తరగతులు తప్ప నా కళ్లకు ఏమీ కనిపించలేదు. దేశంలో లెక్కకెక్కిన బీడీ కార్మికులే దాదాపు 50 లక్షలు. తేదీ పెట్టేవాళ్లు ఇంతమందికి పని ఎక్కడో ముందు చూపించాలి.

మరమగ్గం (సిరిసిల్ల)

చెల్లె, పసుపుకొమ్మూ, నువ్వు అడిగిన అసలు ప్రశ్నకు నేను చెప్తా. నేను చేసి చూసినదాన్ని.

మా సిరిసిల్లలో మగవాళ్లు మరమగ్గాల మీద, ఆడవాళ్లు బీడీల మీద. సాంచాలు (మరమగ్గాలు) బందయిన నెలల్ల ఇల్లు నడిపింది బీడీలే. బయట అందరూ సిరిసిల్ల అంటే చీరలు అంటరు గానీ, మా ఇండ్లల్ల పూట గడిపింది చాలాసార్లు చాటలో ఉన్న తంబాకు. 2017లో బతుకమ్మ చీరల ఆర్డర్లు వచ్చినంక సాంచాలకు పని పెరిగింది, 2024లో అవి ఆగినప్పుడు మళ్లీ అందరం ఆకు కోసం ఎదురుచూసినం.

పెద్దూరులో అపరెల్ పార్కు పెట్టినంక కుట్టు పనులు వచ్చినయి. నేను కూడా ఒక కుట్టు కార్ఖానాలో చేరిన. ఎక్కడ అన్నది చెప్పను. మంచి సంగతి ముందు: నెలాఖరుకు జీతం బ్యాంకులో పడుతది, పీఎఫ్, ఈఎస్ఐ ఉంటయి. నా పేరు మీద జీతం చీటీ రావడం నాకు మస్తు గొప్పగా అనిపించింది, ఇప్పటికీ దాచుకున్న. బీడీల కూలి మా అత్త చేతికే పోతుండె, ఇది నా చేతికి వచ్చింది.

కష్టం ఏందంటే, పొద్దున ఏడున్నరకల్లా బస్సెక్కాలె. అప్పటికి వంట, పిల్లల బడి, ముసలోళ్ల మందులు అన్నీ కావాలె. మిషన్ మీద గంటకు ఇన్ని పీసులని లెక్క. ఇరవై ఏండ్ల పిల్లలు అందుకుంటరు, నాకు 38, అందుకోలేకపోయిన. నా వయసు ఆడవాళ్లు నాతో చేరినోళ్లలో మిగిలింది తక్కువ. మా మామకు పక్షవాతం వచ్చినప్పుడు వారం పోలేదు, తర్వాత నేను కూడా మానుకున్న. మళ్లీ బీడీలే.

కార్ఖానా చెడ్డదని అనను. ఇంట్లో పని పంచుకునేటోళ్లు ఎవరూ లేని మనిషికి ఆ కొలువు సరిపోలేదు. మా చిన్న చెల్లె అక్కడే చేస్తున్నది, బాగున్నది. ఆమెకు పెండ్లి కాలేదు, ఇంట్లో అమ్మ వండిపెడుతది. నలభై దాటిన వాళ్లకు పని చూపియ్యాలంటే ఊర్లనే సగం పూట నడిచే కుట్టు షెడ్డు పెట్టాలె, పక్కన పిల్లలను చూసుకునే గది ఉండాలె. గిది నేను గ్రామసభలో కూడా అడిగిన.

తునికాకు (భద్రాద్రి కొత్తగూడెం)

మీరంతా చుట్టేవాళ్ల గురించి మాట్లాడుతున్నారు, ఆకు ఎక్కడిదో కూడా ఒక మాట చెప్పనివ్వండి. మేము కోయలం. వేసవిలో ఆ కొద్ది వారాలే మాకు చేతిలో డబ్బు ఆడేది. తెల్లారకముందే అడవికి పోయి, ఎండ ముదరకముందే తిరిగొచ్చి, ఇంటిల్లిపాదీ కూర్చుని యాభై ఆకులకు ఒక కట్ట కడతాం. అలాంటి వెయ్యి కట్టలు అయితే ఒక స్టాండర్డ్ బ్యాగు. ఎలుగుబంటి భయం, పాము భయం వేరే. కల్లంలో (ఆకు కొనే చోట) కట్ట చిన్నదనో ఆకు ముదిరిందనో పక్కన పడేస్తారు. ఆర్మూరులో అమ్మ చేసిన బీడీలు పక్కన పడేసినట్టే. నాకు మీ పోస్టు చదివాకే తట్టింది, ఒకే ఆకు మీద రెండు చోట్లా ఒకే తీరు కోత.

బీడీ ఆగిపోతే ఇక్కడ మా వేసవి కూడా పోతుంది. లెక్కలు వేసేవాళ్లు మమ్మల్ని కూడా అందులో కలపాలి.

పాతగోదాము (జగిత్యాల)

కంపెనీల వైపు నుంచి కూడా ఒకరు మాట్లాడాలి. మా నాన్న టేకేదారు (కంపెనీ ఆకు, తంబాకు ఇండ్లకు పంచి బీడీలు తీసుకునేటోడు), నేనూ కొన్నాళ్లు ఆయనతోపాటు తిరిగిన. 2016 ఏప్రిల్‌లో ప్యాకెట్ మీద 85 శాతం బొమ్మ వెయ్యాలన్న నిబంధన వచ్చినప్పుడు కార్ఖానాలు కొన్నాళ్లు మూతపడ్డయి, గుర్తుందా? 2017 జూలైలో జీఎస్‌టీ వచ్చింది, బీడీల మీద 28 శాతం, ఆకు మీద 18 శాతం. బీడీ తాగే కుర్రోడు ఇప్పుడు ఏ ఊర్ల కనిపిస్తుండు? అమ్మకం తగ్గితే పని దినాలు తగ్గుతయి. యజమాని కావాలని ఆపుతున్నడని అనుకోవడం సరికాదు. టేకేదారుకు మిగిలేది కూడా కమీషన్ పైసలే.

లేబర్‌లెక్క (నిజామాబాద్)

అమ్మకం తగ్గిందన్న మాట ఒప్పుకుంటా. 2025 సెప్టెంబరులో జీఎస్‌టీ మండలి బీడీని 28 నుంచి 18కి, ఆకును 18 నుంచి 5కి తగ్గించాలని నిర్ణయించింది గదా. ఆ తగ్గింపులో చుట్టే మనిషి కూలికి ఎంత చేరుతది, పని దినాలు ఎన్ని పెరుగుతయి? తర్వాతి కూలి ఒప్పందంలో యూనియన్లు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే అని నా అభిప్రాయం.

వెయ్యి బీడీలకు ఇచ్చే ఆకు సరిపోక ఆడవాళ్లు సొంత పైసలతో ఆకు కొంటున్నరు. దాని సంగతి అన్నా, నీకు కూడా తెలుసు. ఆ ఖర్చు తీసేస్తే మిగిలే కూలి ఇంకా తక్కువ. ముడిసరుకు ఇచ్చే విషయంలో, బీడీలు తీసిపారేసే విషయంలో తగాదా వస్తే తేల్చే దారి 1966 చట్టంలో ఉండె. 2025 నవంబరు 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమలులోకి వచ్చినయి, ఆ చట్టం కూడా వాటిలో కలిసిపోయింది. బీడీ కార్మికులకంటూ ప్రత్యేకంగా ఉన్న చట్టం పోవడం నాకు పెద్ద నష్టంగానే కనిపిస్తున్నది.

ఇంకోటి, చాలామందికి తెలియనిది. 1976 నుంచి బీడీల మీద సెస్సు వసూలు చేసి ఆ డబ్బుతోనే కార్మికుల దవాఖానాలు, ఇండ్లు, పిల్లల స్కాలర్‌షిప్‌లు నడిపేటోళ్లు. జీఎస్‌టీతో 2017లో ఆ సెస్సు రద్దయింది. పథకాలు పూర్తిగా ఆగలేదు, కానీ ఇప్పుడు బడ్జెట్‌లో ఎంత పెడితే అంత. తన చెమట నుంచి వచ్చిన నిధి పోయి, ఇంకొకరి దయ మీద నిలబడ్డది.

దమ్మామ్‌రాత్రి (సౌదీ, ఊరు మెట్‌పల్లి)

డ్యూటీ అయినంక చదువుతున్న. మేము గల్ఫ్‌కు పోయి ఇల్లు నిలబెట్టినమని అనుకుంటరు. నేను వచ్చిన మొదటి రెండేండ్లు ఏజెంటుకు కట్టిన అప్పుకు మిత్తి కట్టింది నా భార్య బీడీల పైసలతోనే. బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ నడిచిన రోజుల్ల మా మేనమామలు అండ్ల పని చేసిండ్రు, ఎవ్వరూ దేశం దాటలేదు. 2015 డిసెంబరులో అది మూతపడ్డది. మగవాళ్లకు పని లేకపోతే విమానం ఎక్కుతరు, ఆడవాళ్లకు పని లేకపోతే ఏం ఎక్కాలె?

పసుపుకొమ్ము (ఆర్మూరు)

అందరికీ పేరుపేరునా దండాలు. మరమగ్గం అక్కా, నువ్వు రాసింది అమ్మకు చదివి వినిపించిన. "ఆమెకు అన్నీ తెలుసు" అన్నది.

గోదారిగట్టు అన్నా, మీ నాన్న సంగతికి చాలా బాధగా ఉంది. ఇంకొకరి నాన్నను చంపే సరుకు చేయాలని అమ్మకూ లేదు. ఆమెకు ఇంకో పని చూపిస్తే రేపే చాట మూలకు పెడుతది.

ఇక్కడ ఇంకా ఏం పనులున్నయో నేను చూసినవి రాస్తున్న. మా వైపు ఎర్రజొన్న, పసుపు సీజన్‌లో కూలి బాగానే దొరుకుతది, కానీ రెండు మూడు నెలలు. పసుపు ఉడకబెట్టుడు, కొమ్ములు ఏరుడు ఎండలో పని, అమ్మ మెడకు కష్టం. నిజామాబాద్‌కు పసుపు బోర్డు వచ్చింది, 2025లో ఆఫీసు కూడా మొదలైంది. పొడి చేసి, గ్రేడ్ చేసి ప్యాక్ చేసే పని ఊర్లకు వస్తే అది కూర్చుని చేసే పని, అమ్మలాంటి వాళ్లకు సరిపోతది. కానీ మా ఊరి పసుపు ఇంకా కొమ్ములుగానే మార్కెట్‌కు పోతున్నది. బడి పిల్లల యూనిఫారాలు మహిళా సంఘాలకు కుట్టడానికి ఇస్తున్నరు, అది వేసవిలో కొన్ని వారాలే. 2023 డిసెంబరు నుంచి బస్సు ఉచితం అయినంక మా వాడకట్టు నుంచి కొందరు నిజామాబాద్ బట్టల దుకాణాలకు పోతున్నరు. రాత్రి తొమ్మిదికి దుకాణం మూస్తే ఆఖరి బస్సు దొరకదు. అందులో పీఎఫ్ ఉన్నోళ్లు నాకు ఒక్కరు కూడా తెలియదు.

లేబర్‌లెక్క అన్నా, పాస్‌బుక్ ఉంది. పీఎఫ్‌లో అమ్మ పేరు పుట్టింటి ఇంటిపేరుతో ఉంది, ఆధార్‌లో నాన్న ఇంటిపేరు. పుట్టిన సంవత్సరం కూడా నాలుగేండ్లు తేడా.

ఊరిసిస్టర్ (మెట్‌పల్లి)

చెల్లె, ఆ తేడా ఇప్పుడే సరిచేయించు. మా అమ్మది అచ్చం ఇదే. కంపెనీ గుమాస్తా అప్పట్లో నోటికి వచ్చిన వయసు రాసుకున్నడు. ఆమెకు 58 నిండినయని ఆధార్ చెప్పింది, పీఎఫ్ లెక్కలో ఇంకా నిండలేదు. పెన్షన్ ఆగిపోయింది. కంపెనీ సంతకంతో జాయింట్ డిక్లరేషన్ (కంపెనీ, కార్మికురాలు కలిసి ఇచ్చే మార్పు దరఖాస్తు) పెట్టి తిరిగి తిరిగి సరిచేయించినం. కంపెనీ నడుస్తున్నప్పుడే సంతకం దొరుకుతది. మూతపడ్డదనుకో, ఎవరిని పట్టుకోవాలె?

నేను ఏఎన్ఎం (నర్సు) కోర్సు చదివింది అమ్మ బీడీల కార్డు మీద వచ్చిన స్కాలర్‌షిప్‌తో. మీ చెల్లెకు బీడీలు నేర్పే ముందు ఆ కార్డు మీద స్కాలర్‌షిప్‌కు అప్లై చేయించు. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో ఉంటది. వృత్తి విద్యా కోర్సులకైతే ఏడాదికి 25,000 వరకు ఇస్తరు, మామూలు డిగ్రీకి తక్కువ. అమ్మ పేరు మీద సంక్షేమ శాఖ గుర్తింపు కార్డు ఉండాలె. నానమ్మకు కూడా చెప్పు, సిస్టర్ కొలువు ఉన్న పిల్లకు మా ఊర్లో సంబంధాలు వాకిట్ల నిలబడుతున్నయని.

గోదారిగట్టు (రాజమండ్రి)

చదువుతున్నానమ్మా. పీఎఫ్ పెన్షన్ అంటే ఎంత వస్తుంది? అంత పట్టుబడి దాచుకునేంత ఉంటుందా?

లేబర్‌లెక్క (నిజామాబాద్)

లెక్క చెప్తా అన్నా. ఈపీఎస్ (పీఎఫ్‌తోపాటు ఉండే పెన్షన్ పథకం) పెన్షన్ అంటే చివరి అరవై నెలల సగటు జీతాన్ని సర్వీసు ఏండ్లతో గుణించి 70తో భాగించాలె. ఇరవై ఏండ్లు దాటితే రెండేండ్లు అదనంగా కలుపుతరు. నెలకు 2,300 లెక్కన పాతికేండ్లు చేసిన మనిషికి: 2,300 ఇంటూ 27, భాగించు 70. వచ్చేది 887 రూపాయలు. 2014 సెప్టెంబరు నుంచి కనీస పెన్షన్ వెయ్యి అని పెట్టిండ్రు కాబట్టి వెయ్యి ఇస్తరు. పాతికేండ్ల పనికి అంతే. పని దినాలు తగ్గించుడంటే ఇవ్వాళ్టి కూలితోపాటు రేపటి పెన్షన్ కూడా తగ్గించుడే.

దీనికి తోడు రాష్ట్ర ప్రభుత్వం 2015 నుంచి బీడీ కార్మికులకు జీవన భృతి ఇస్తున్నది. మొదట నెలకు వెయ్యి ఉండె, 2019లో 2,016 అయింది. చాలా ఇండ్లల్ల కూలి కంటే ఈ భృతే నమ్మకంగా వచ్చే పైసలు. కానీ మొదటి నుంచి 2014 ఫిబ్రవరి 28 నాటికి పీఎఫ్ ఉన్నోళ్లకే అని గీత గీసిండ్రు. ఆ తేదీ తర్వాత పీఎఫ్ వచ్చిన ఆడపిల్లలు పక్కింటామె లాగనే చుట్టిండ్రు, వాళ్లకు లేదు. ఒకే వాడలో ఒకే పని చేసే ఇద్దరి మధ్య ఆ గీత పెట్టిన చిచ్చు నేను మీటింగుల్ల చూసిన.

దవాఖాన (కామారెడ్డి)

పసుపుకొమ్మూ, మెడనొప్పి సంగతి తేలిగ్గా తీసుకోకు. చెయ్యి తిమ్మిరి కూడా ఉంటే అమ్మను ఒకసారి జిల్లా ఆసుపత్రికి తీసుకురా. అప్పటిదాకా గంటకోసారి లేచి నడవమను, చాట ఒళ్లో కాకుండా చిన్న పీట మీద పెట్టుకోమను. తంబాకు చేతులతో నీళ్లు తాగొద్దు, తినొద్దు. నానమ్మ పడుకునే గదిలో తంబాకు ఉంచొద్దు.

పాతగోదాము (జగిత్యాల)

చెల్లె, మీ అమ్మ టేకేదారు ఎవరో ఇక్కడ రాయకు, నాకు విడిగా మెసేజ్ పెట్టు. గుమాస్తా దగ్గర పాత హాజరు రిజిస్టర్లు ఉంటయి, పేరు మార్పుకు అవి పనికొస్తయి. ఎట్ల అడగాలె, ఏ ఏండ్లవి అడగాలె నేను చెప్తా.

పసుపుకొమ్ము (ఆర్మూరు)

పెట్టిన అన్నా. ఇంకొక్క ప్రశ్న, తెలిసినోళ్లు చెప్పండి: పుట్టింటి దగ్గర ఒక కంపెనీ, పెండ్లయినంక ఇక్కడ ఇంకో కంపెనీ. పాత నంబరు సర్వీసు ఇందులో కలపలేదు. పాత పాస్‌బుక్ చివరి పేజీలు చిరిగినయి గానీ నంబరు కనిపిస్తున్నది. అది కలిపితే అమ్మకు పెన్షన్‌కు కావాల్సిన పదేండ్లు ఎప్పుడో దాటుతయి. కలపొచ్చా?

లేబర్‌లెక్క (నిజామాబాద్)

కలపొచ్చు. నంబరు కనిపిస్తే చాలు, ఆ పేజీ ఫొటో తీసి పెట్టుకో. ముందు పేరు, పుట్టిన తేదీ మార్పు చేయించు, తర్వాతనే బదిలీకి పెట్టు. తేడా ఉండగా పెడితే తిప్పి పంపుతరు. వచ్చేటప్పుడు ఆధార్, రెండు పాస్‌బుక్‌లు, పెండ్లి పత్రిక ఉంటే అది, రేషన్ కార్డు తీసుకొని రా. మీ వాడలో ఇట్లనే పాత నంబర్లు వదిలేసినోళ్లు ఎంతమంది ఉన్నరో అడుగు, అందరినీ ఒకటే రోజు తోలుకొస్తే నేను మీతోపాటు పీఎఫ్ ఆఫీసుకు వస్తా.